కృష్ణలంక సందుల్లో, వన్‌టౌన్ కొండ మెట్ల మీద ఇల్లు మారేటప్పుడు ముఠాను, ప్యాకర్స్‌ను ఎలా మాట్లాడుకోవాలి

"బండి ఇంటి దాకా రాదు, ప్యాకర్స్ వాళ్లేమో వచ్చాక చూద్దాం అంటున్నారు, ఏం చేయాలి?" విజయవాడలో కృష్ణ ఒడ్డున ఇల్లు మారేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. కృష్ణలంక, రాణిగారితోట, తారకరామానగర్, భూపేష్‌గుప్తా నగర్ వైపు లోపలికి వెళ్లేకొద్దీ నాలుగడుగులకు కుదించుకుపోయే సందులు. వన్‌టౌన్, కుమ్మరిపాలెం, విద్యాధరపురం వైపు కొండ మీదికి మెట్లు. రెండుచోట్లా సమస్య ఒక్కటే: ఇలాంటి ఇళ్లకు ఖర్చూ, గొడవా, పగిలే సామానూ అన్నీ బండి ఆగిన చోటు నుంచి మీ గుమ్మం దాకా ఉండే మోతలోనే తేలతాయి. పటమట నుంచి వచ్చినా, గుంటూరు నుంచి వచ్చినా ఆ మోత మారదు.

అందుకని ఫోన్లో "టూ బీహెచ్‌కే, ఎంత తీసుకుంటారు?" అని అడగకండి. ముందు మోతను కొలవండి. ఆ కొలతలు చేతిలో పెట్టుకుని ముఠాతోనో (సామాను మోసే కూలీల జట్టు), ప్యాకర్స్‌తోనో (సామాను కట్టి, బండిలో చేర్చే కంపెనీ) బేరమాడండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

5 మీటర్ల ఇనుప టేపు, సుద్దముక్క, పాత అట్టపెట్టె ఒకటి, కత్తెర, ఫోన్. సామాను కట్టే రోజుకైతే అడుగు కొలత చిన్న పెట్టెలు కొన్ని, అడుగున్నర కొలత పెట్టెలు కొన్ని, రెండంగుళాల టేపు చుట్టలు, మార్కర్ పెన్ను, పాత దుప్పట్లు, గోనె పట్టాలు, చుట్టడానికి ప్లాస్టిక్ ఫిల్ము, వర్షాకాలమైతే ఒక టార్పాలిన్. మోకులూ బెల్టులూ ముఠా వాళ్లే తెచ్చుకుంటారు. అయినా ఉన్నాయో లేవో ముందే అడగండి.

1. దారిని కొలవండి

కొత్త ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి బండి ఆగగల చోటు దాకా నడవండి. ఈ ఆరూ రాసుకోండి.

- సందులో అన్నిటికంటే ఇరుకైన చోట వెడల్పు. నేల దగ్గర ఒకసారి, నడుం ఎత్తులో ఒకసారి కొలవాలి. కింద కుళాయి గట్టు, కాలువ పలక, ఇంటి ముందు ర్యాంపు ఉంటాయి. పైన కిటికీ గ్రిల్లు, మీటర్ పెట్టె, మెట్ల చువ్వలు బయటికి పొడుచుకొస్తాయి. రెండింటిలో తక్కువ వచ్చినదే మీ సందు వెడల్పు.
- ప్రతి మలుపు దగ్గరా, తిరగక ముందు వెడల్పు, తిరిగాక వెడల్పు.
- తలపైన అడ్డాలు: సన్‌షేడ్లు, కేబుల్ వైర్లు, కరెంటు సర్వీసు వైర్లు. వైర్లను టేపుతో కొలవకండి. కింద మనిషిని నిలబెట్టి కంటితో అంచనా వేయండి. ఇనుప టేపు కరెంటు తీగకు తగిలితే ప్రాణం పోతుంది.
- మెట్ల సంఖ్య, మెట్ల వెడల్పు, మధ్యలో సామాను దించి ఊపిరి పీల్చుకునే చదును ఎక్కడెక్కడ ఉందో.
- గుమ్మం లోపలి కొలత, అంటే ద్వారబంధం చెక్క నుంచి చెక్కకు. తలుపు తొంభై డిగ్రీలు దాటి తెరుచుకోకపోతే తలుపు మందం తీసేయాలి.
- బండి ఆగే చోటు నుంచి గుమ్మం దాకా దూరం. పెద్దవాళ్ల అడుగు రెండున్నర అడుగులు అనుకుంటే లెక్క సరిపోతుంది.

నడుస్తూనే ఫోన్లో వీడియో తీయండి. మాట్లాడకుండా, ఆపకుండా, బండి దగ్గర నుంచి గుమ్మం దాకా ఒకే వీడియో. బేరం దగ్గర దీనికున్న విలువ మరిదేనికీ లేదు. వీడియో చూసి ధర చెప్పిన ముఠా మేస్త్రి "సందు ఇంత ఇరుకని చెప్పలేదు" అనడానికి వీలుండదు. పాత ఇంటి దగ్గర కూడా ఇదంతా చేయాలి. కొత్త ఇంటి సందు గురించి బెంగపడుతూ, ఇన్నాళ్లూ ఉన్న ఇంటి మెట్లను మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు.

2. ఆ దారిలో మీ సామాను పడుతుందా?

అన్నిటినీ కొలవక్కర్లేదు. బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, సోఫా, మంచం తలవైపు పలక, పరుపు, డైనింగ్ టేబుల్. ఇవి పడితే మిగతావన్నీ పడతాయి.

మలుపుకు ఒక లెక్క ఉంది. సందు వెడల్పును 1.4తో గుణించండి. దాంట్లోంచి సామాను మందం తీసేయండి. వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. ఆ పొడవు దాటిన సామాను పడుకోబెట్టి తిప్పితే ఆ మలుపులో తిరగదు. మలుపుకు రెండువైపులా వెడల్పు వేరైతే తక్కువదాన్నే తీసుకోండి.

మామూలు పెద్ద ఇనుప బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 మందం ఉంటుంది. సందు 36 అంగుళాలైతే: 36 × 1.4 = 50.4. అందులో 19 పోతే 31.4. రెట్టింపు చేస్తే దాదాపు 63. బీరువా 78, కాబట్టి పడుకోబెట్టి తిప్పలేరు. మలుపు దగ్గర నిలబెట్టి తిప్పాల్సిందే. 42 అంగుళాల సందులో ఇదే లెక్క 79 దాటుతుంది. కాగితం మీద పడుతుంది గానీ పట్టుకున్న చేతులకు చోటుండదు, వేళ్లు గోడకు నలుగుతాయి. లెక్కలో కనీసం ఆరంగుళాలు మిగిలితేనే "పడుతుంది" అనుకోండి. ఆరున్నర అడుగుల సోఫా, 34 అంగుళాల లోతున్నది, మూడడుగుల మలుపులో పడుకోబెట్టి తిరిగే ప్రసక్తే లేదు. దాన్నీ నిలువునా లేపాలి.

లెక్క మీద నమ్మకం లేకపోతే అట్ట కత్తిరించండి. బీరువా నిలబెట్టినప్పుడు నేల మీద ఆక్రమించే కొలతకు, అంటే 36 × 19 అంగుళాలకు అట్టముక్క కోసి, మెట్ల మలుపులో నేల మీద పెట్టి తిప్పి చూడండి. అట్ట మూల గోడకు తగిలిన చోట సుద్దతో గీత పెట్టండి. బీరువా అక్కడే తగులుతుంది. ఐదు నిమిషాల పని ఇది. బీరువాను మెట్ల మధ్యలో ఇరికించుకుని వెనక్కి దించే అవస్థ తప్పుతుంది.

ఎత్తు సంగతి కూడా చూడాలి. పడుకోబెట్టి లోపలికి తెచ్చిన బీరువాను గదిలో నిలబెట్టేటప్పుడు దాని మూల 78 కాదు, 80 అంగుళాల పైదాకా లేస్తుంది. అటక అడుగుభాగం ఆరడుగుల తొమ్మిదంగుళాల కంటే కిందికి ఉంటే అక్కడ లేవదు. అటక లేని గదిలో లేపి, నిలువునా జరుపుకుంటూ తీసుకురావాలి. ఫ్యాను రెక్కలు కూడా చూసుకోండి.

పడకపోతే దారులు మూడు. విప్పగలిగేవి విప్పడం: మంచం, డైనింగ్ టేబుల్ కాళ్లు, సోఫా కాళ్లు, బోల్టుల మీద నిలిచే రకం బీరువాలు, ఫ్రిజ్ తలుపు. రెండోది బాల్కనీ మీదుగా తాడుతో లాగడం, దీని గురించి కింద చెబుతాం. మూడోది అమ్మేసి వెళ్లడం. అతికించి మేకులు కొట్టిన పాత సోఫా విషయంలో మూడోదే మంచిదని మా గట్టి అభిప్రాయం. దాన్ని విప్పితే మళ్లీ బిగియదు.

3. ఏ బండి చెప్పాలి

"టాటా ఏస్ రాకపోతే ట్రాలీ ఆటో వస్తుందిలే" అనుకుంటారు. రెండింటి వెడల్పూ దాదాపు ఐదడుగులే. ఏస్ దూరని సందులో ఆటో కూడా దూరదు. ఆటోకున్న లాభమల్లా తక్కువ చోటులో మలుపు తిరగడం. కాబట్టి సందు వెడల్పుగానే ఉండి మలుపే ఇబ్బందైతే ఆటో, లేకపోతే ఏస్.

అద్దాలతో కలిపి ఏస్‌కు ఆరడుగులు కావాలి. డ్రైవరు తలుపు తీసి దిగాలి కాబట్టి ఏడడుగులుంటేనే లోపలికి రమ్మనండి. సందులోకి దూరిన బండి తిరిగి బయటికి వెనక్కే రావాలి, అది కూడా చూసుకోండి. బండి ఫ్లోరు నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. దాని మీద బీరువా నిలబెడితే పైభాగం తొమ్మిది అడుగులకు చేరుతుంది. కృష్ణలంక లోపలి సందుల్లో చాలాచోట్ల కేబుల్ వైర్లు ఆ ఎత్తులోనే వేలాడుతుంటాయి. సందులోకి వెళ్లే బండిలో బీరువాను పడుకోబెట్టించండి.

నాలుగు నుంచి ఏడడుగుల లోపు సందుకు సరైన జవాబు తోపుడు బండి. పెద్ద బండిని హైవే సర్వీసు రోడ్డు పక్కనో, వెడల్పాటి వీధి మొగలోనో ఆపి, అక్కడి నుంచి తోపుడు బండి మీద గుమ్మం దాకా. బండి మాట్లాడేటప్పుడే మేస్త్రితో "తోపుడు బండి మీరు తెస్తారా, మేం చూసుకోవాలా" అని తేల్చుకోండి. నాలుగడుగుల లోపు సందుకైతే చేతిమోతే, తలమోతే.

14 అడుగుల పెద్ద వ్యాన్‌లో వేరే ఊరి నుంచి వస్తుంటే, దాన్ని వెడల్పాటి రోడ్డు మీద ఆపి ఏస్‌లోకి మార్చి తేవాల్సి రావచ్చు. అంటే ఎక్కించడం, దించడం ఇంకొకసారి. దీన్ని మొదటే ధరలో కలపమనండి. నగరంలో పెద్ద వాహనాలకు పగటివేళ ఆంక్షలుంటాయి. ఆ రోజుకు ఏ రోడ్డు, ఏ వేళ అన్నది ట్రాఫిక్ పోలీసులను అడిగి తెలుసుకునే బాధ్యత బండివాళ్లదేనని మాట తీసుకోండి.

4. ముఠానా, ప్యాకర్సా

ఊళ్లోనే మారుతూ, దారి కష్టంగా ఉంటే మా ఓటు స్థానిక ముఠాకే. ఆ సందుల్లో రోజూ గ్యాస్ బండలు, బియ్యం బస్తాలు, సిమెంటు, ఇసుక మోసే మనుషులకు ఏ మెట్టు అరిగిందో, ఏ పలక ఊగుతుందో తెలుసు. బండిని విడిగా మాట్లాడుకుని, మోతకు మేస్త్రితో విడిగా బేరం కుదుర్చుకోండి. సామాను మీరే సర్దుకోవాలి, పగిలితే బీమా ఉండదు, రసీదు ఉండదు. ఇవీ లోపాలు.

వేరే ఊరి నుంచి వస్తున్నా, అద్దం సామాను ఎక్కువున్నా, కంపెనీ ఖర్చు భరిస్తూ బిల్లు అడిగినా ప్యాకర్స్ కావాలి. వాళ్లతో ఒక సంగతి గుర్తుంచుకోండి: "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్" అన్నది సాధారణంగా బండి నడిచేటప్పటి ప్రమాదానికి. మెట్ల మీద జారి పగిలిన టీవీకి వర్తిస్తుందా అని రాతలో అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే వర్తించదనే అనుకోండి.

రెండూ కలిపిన పద్ధతి కూడా బాగుంటుంది. ప్యాకింగు, రవాణా ప్యాకర్స్‌వి. బండి ఆగిన చోటు నుంచి ఇంటి దాకా మోత స్థానిక ముఠాది. అప్పుడు అప్పగింత బండి దగ్గరే జరగాలి. ఒక్కో పెట్టె చూసి తీసుకున్నాకే ముఠా చేతికి ఇవ్వాలి. లేకపోతే పగిలినదానికి ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. వన్‌టౌన్ వ్యాపార వీధుల్లో కొన్నిచోట్ల దింపుడు పని అక్కడి ముఠాయే చేసే ఆనవాయితీ ఉంటుంది. ఇంటి ఓనరునో, పక్క కొట్టు వాళ్లనో ముందే అడిగితే ఆ రోజు వాదులాట ఉండదు.

ప్యాకర్స్ అయితే జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాలుంటాయి, ఆంధ్రప్రదేశ్‌ది 37తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. బిల్లు మీది పేరు, పోర్టల్‌లో పేరు, డబ్బు పంపమన్న ఖాతా పేరు మూడూ కలవాలి. పేరున్న కంపెనీల పేర్లకు ముందో వెనకో ఒక ముక్క తగిలించి నడిపేవాళ్లు ఎక్కువ. సామానంతా బండెక్కాక "మెట్లున్నాయని చెప్పలేదు, ఇంకో అంత ఇవ్వండి" అనేది ఇలాంటి వాళ్లే.

5. ఎంతమంది, ఎంతసేపు: మీరే లెక్కేయండి

ఖాళీ చేతులతో కాదు, పది పదిహేను కిలోల సంచి ఒకటి పట్టుకుని బండి దగ్గర నుంచి గుమ్మం దాకా వెళ్లి, ఖాళీగా తిరిగి రండి. ఎన్ని నిమిషాలు పట్టింది? అదే ఒక విడత.

విడతకు 8 నిమిషాలు, 50 పెట్టెలు, నలుగురు మనుషులు అనుకుందాం. 50 × 8 ÷ 4 = 100 నిమిషాలు. పెద్ద సామాను పది ఉంటే ఒక్కోదానికి ఇద్దరు, విడతకు 12 నిమిషాలు. రెండు జతలు పనిచేస్తే 60 నిమిషాలు. బీరువాకు నలుగురూ కలిసి 20 నిమిషాలు. మొత్తం మూడు గంటలు. మధ్యలో మంచినీళ్లకు, టీకి అరగంట కలపండి. ఇది దింపుడు మాత్రమే. ఇద్దరినే పెట్టుకుంటే పని రెట్టింపు సేపు పట్టడమే కాదు, సాయంత్రానికి అలసిపోయిన చేతులతో బీరువా ఎత్తుతారు. డబ్బు మిగిల్చుకోవాలంటే పెట్టెల సంఖ్య తగ్గించండి. మనుషుల్ని తగ్గించకండి.

పెట్టె బరువు మెట్ల దారికి 20 కిలోలు దాటకూడదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు పెట్టె నిండా పుస్తకాలు పెడితేనే 15 కిలోలు దాటుతుంది. పుస్తకాలు, స్టీలు గిన్నెలు, పప్పుల డబ్బాలు చిన్న పెట్టెల్లోకి. దుప్పట్లు, బట్టలు, ప్లాస్టిక్ పెద్ద పెట్టెల్లోకి.

6. బేరం రాతలో పెట్టండి

కనీసం ముగ్గురికి ఒకే సందేశం, ఒకే వీడియో పంపండి. సందేశం ఇలా ఉంటే చాలు:

"పటమట రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు 36. బండి గుమ్మం దాకా వస్తుంది. దించేది కృష్ణలంక. బండి ఆగే చోటు నుంచి ఇంటికి 90 మీటర్లు, సందు ఇరుకైన చోట 4 అడుగుల 8 అంగుళాలు, మలుపులు రెండు, తర్వాత మెట్లు 18. పెద్ద పెట్టెలు 20, చిన్నవి 30. బీరువా 1, డబుల్ డోర్ ఫ్రిజ్ 1, వాషింగ్ మెషిన్ 1, మంచాలు 2, సోఫా 1, ఇన్వర్టర్ బ్యాటరీ 1. మనుషులు ఎంతమంది వస్తారు, తోపుడు బండి, మోకులు, టోల్, పార్కింగ్, భోజనం ఖర్చులు అన్నీ కలిపి ఎంత? వీడియో పంపాను. ఇంతకుమించి ఇవ్వను, ఒప్పుకుంటే 'సరే' అని రాయండి."

ఆ "సరే" అన్న మాట ఫోన్లో ఉండాలి. అడ్వాన్సు కొద్దిగానే, బండి ఖాయం చేసుకునేంత. సగం ముందే అడిగేవాళ్లను వదిలేయండి. మిగతా డబ్బు సామాను ఇంట్లో పెట్టి, మంచాలు బిగించాక. మంచం విప్పడం, బిగించడం ధరలో ఉన్నాయో లేవో కూడా రాయించుకోండి. విప్పి వెళ్లిపోయే వాళ్లున్నారు.

మరీ తక్కువ ధర చెప్పినవాళ్లను అడగాల్సింది ఒక్కటే: "ఎంతమంది వస్తారు?" జవాబు ఇద్దరే అయితే తక్కువ ధర ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

7. రోజు, వేళ

ఆషాఢంలో ఇళ్లు మారేవాళ్లు తక్కువ, బండ్లు, మనుషులు సులువుగా దొరుకుతారు. శ్రావణం రాగానే మంచి ముహూర్తాల రోజుల్లో అందరూ ఒకేసారి పిలుస్తారు. పాలు పొంగించే ముహూర్తానికీ సామాను మోతకూ ముడిపెట్టకండి. తెల్లవారుజామున దేవుడి పటం, పాలు, గిన్నె, పసుపు కుంకుమ, బియ్యం, చిన్న స్టవ్ తీసుకుని మీరు వెళ్లి పాలు పొంగించండి. సామాను రెండురోజుల తర్వాత, రద్దీ లేని రోజున తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో మంచి మనుషులు దొరుకుతారు, ధరా తగ్గుతుంది.

దసరా నవరాత్రుల్లో కనకదుర్గ అమ్మవారి గుడి చుట్టూ, కుమ్మరిపాలెం వైపు, వన్‌టౌన్‌లో దారి మళ్లింపులుంటాయి. మూలా నక్షత్రం రోజున ఆ పక్కకు బండి తేవాలని అసలు అనుకోకండి. భవానీ దీక్షల విరమణ రోజులూ అంతే.

వర్షాకాలంలో నది సంగతి చూసుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కుల పైన వెళ్లింది. నది ఒడ్డున రిటైనింగ్ వాల్ (వరదను ఆపే గోడ) వచ్చాక కృష్ణలంక పరిస్థితి మెరుగైంది గానీ, నది నిండుగా ఉన్నప్పుడు భారీ వాన పడితే లోపలి కాలువల నీరు త్వరగా బయటికి పోదు. మొదటి హెచ్చరిక ఉందంటే మోత వాయిదా వేయండి. "వరద హెచ్చరిక ఉంటే అడ్వాన్సు తిరిగివ్వాలి, లేదా తేదీ మార్చాలి" అన్న వాక్యం ఆ సందేశంలోనే కలపండి. కొండ ఇళ్లకు వాన మరీ ప్రమాదం. మెట్లు జారతాయి, పైనుంచి రాళ్లు దొర్లుతాయి. రెండు మూడు రోజులు ఏకబిగిన కురిశాక ఎండ వచ్చినా ఒక రోజు ఆగండి.

వేసవిలో ఉదయం ఆరింటికల్లా మోత మొదలైతే పదకొండుకు ముగుస్తుంది. కానీ కుళాయి వదిలే వేళ తెలుసుకోండి. ఆ గంటసేపు సందంతా బిందెలు, డ్రమ్ములు, పైపులే. ఆ వేళకు ముందో, తర్వాతో పెట్టుకోండి.

8. ముందు రోజు

- సందులో బైకులు పెట్టుకునే ఇళ్లకు వెళ్లి రేపు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా సామాను వస్తుందని చెప్పండి. కొత్త ఇంటి దగ్గర ఈ పని ఓనరు చేత చెప్పిస్తే ఇంకా మంచిది. ఒక్క బైకు హ్యాండిల్ లాక్ వేసి ఉంటే తోపుడు బండి ఆగిపోతుంది.
- ఊగే కాలువ పలకల మీద సుద్దతో గుర్తు పెట్టండి. బీరువా మోసేవాళ్లకు కింద కనిపించదు.
- ఫ్రిజ్ ముందు రోజే ఆపి, మంచు కరగనిచ్చి, వెనక ట్రేలో నీళ్లు పారబోసి తుడవండి. మెట్ల మీద ఆ నీళ్లు కారితే కింద పట్టుకున్న మనిషి జారతాడు.
- ముందు తలుపున్న వాషింగ్ మెషిన్ 60, 70 కిలోలుంటుంది. కొన్నప్పుడు తీసి దాచిన ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలి. లేకపోతే లోపలి డ్రమ్ము ఊగి పాడవుతుంది. బోల్టులు లేకపోతే నిలువుగానే మోయించండి.
- ఏసీ విప్పేది మెకానిక్. గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగి, వాల్వులు మూశాకే పైపులు విప్పాలి. ముఠా వాళ్లు స్పానర్ పట్టుకుంటే వద్దనండి.
- ఇన్వర్టర్ బ్యాటరీ చాలామంది లెక్కలో మరిచిపోతారు. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైనే. లోపల యాసిడ్. వైర్లు విప్పి, కొనలకు టేపు చుట్టి, నిలువుగానే ఇద్దరు మోయాలి. తలమోత వద్దే వద్దు.
- నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలువుగా తేవాలి. మూసేసిన వ్యాన్ లోపల పెట్టకూడదు. కొత్త చిరునామా వేరే డిస్ట్రిబ్యూటర్ కిందికి వస్తే కనెక్షన్ మార్చుకోవాలి.
- ప్రతి పెట్టెకూ నంబరు, గది పేరు, పైనా పక్కనా రాయండి. బంగారం, కాగితాలు, మందులు, చార్జర్లు మీ చేతి సంచిలోనే.

9. మోత రోజు

బండి దగ్గర ఒకరు, గుమ్మం దగ్గర ఒకరు మీ ఇంటివాళ్లు ఉండాలి. బండి దగ్గరివాళ్లు నంబరు చదివి పంపుతారు, గుమ్మం దగ్గరివాళ్లు టిక్కు పెడతారు. రోడ్డు పక్కన ఆపిన బండిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి.

పెద్ద సామాను ముందు వెళ్లాలి. పెట్టెలు ముందు పంపితే ఇల్లు నిండిపోయి బీరువా తిప్పడానికి చోటు మిగలదు. మనుషులు కూడా అప్పుడు తాజాగా ఉంటారు.

మెట్ల మీద బరువు ఎక్కువ పడేది కిందివైపు మనిషి మీద. బలమైనవాడు కింద, దారి చూపే మూడోవాడు ముందు. ఫ్రిజ్‌లో బరువంతా అడుగున కంప్రెసర్ దగ్గర ఉంటుంది కాబట్టి, పైకి ఎక్కించేటప్పుడు తల ముందుగా, అడుగు కిందివైపు. మరీ వాల్చకూడదు. చదును వచ్చిన ప్రతిచోటా దించి ఆగమనండి. "ఒక్క ఊపులో పోదాం" అన్నప్పుడే చేయి జారుతుంది.

తాడుతో బాల్కనీ మీదికి లాగడం ఆఖరి దారి. దానికి మూడు షరతులు. దగ్గర్లో, అంటే పదడుగుల లోపు, ఏ కరెంటు వైరూ ఉండకూడదు. సర్వీసు వైరు అడ్డమైతే 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చి సప్లై ఆపేదాకా మొదలుపెట్టకూడదు, వీధిలో పెద్ద లైను ఉంటే ఆ ఆలోచనే మానుకోవాలి. తాడు పిట్టగోడకు కట్టకూడదు, ఆనించి లాగనూ కూడదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ బీరువా బరువుకు ఊడి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. తాడు కొన స్లాబు పిల్లర్‌కు చుట్టి ఉండాలి. మూడోది, కింద నిలబడి ఎవరూ చూడకూడదు. రెండో తాడుతో పక్కకు లాగి పట్టుకునే మనిషి కూడా దూరంగానే ఉండాలి. ఈ పని తెలిసిన ముఠా అయితేనే ఒప్పుకోండి.

మంచినీళ్లు, మజ్జిగ మీరే ఏర్పాటు చేయండి. అంత బరువు ఎండలో మోసేవాళ్లకు అది కనీస మర్యాద.

10. డబ్బు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

పెట్టెల లెక్క సరిపోయిందా. బండి లోపలికి మీరే ఎక్కి చూశారా. మూలల్లో మంచం బోల్టుల సంచి, గుంజలు, పరుపు కింద దూరిన అద్దం ఉండిపోతాయి. మంచం బిగించాక నాలుగు మూలలా ఊపి చూడండి. బీరువా తలుపు తెరిచి మూయండి. తలుపు రాసుకుంటుంటే నేల ఎగుడుదిగుడుగా ఉన్నట్టు, ముందు కాళ్ల కింద అట్టముక్క పెడితే సరిపోతుంది. అప్పటికీ మూసుకోకపోతే దారిలో దెబ్బ తగిలి చట్రం వంగింది. టీవీ ప్లగ్గు పెట్టి తెర మొత్తం వెలుగుతోందో లేదో వాళ్లుండగానే చూడండి. సందులో ఎవరి గోడకైనా, మీటర్ పెట్టెకైనా దెబ్బ తగిలిందేమో మేస్త్రితో కలిసి ఒకసారి నడిచి చూడండి. తగిలి ఉంటే అప్పుడే ఫొటో తీసి, బాగు ఎవరు చేయించాలో తేల్చండి.

ఏదైనా పగిలితే ఫొటో, పెట్టె నంబరు, వేళ రాసి ప్యాకర్స్‌కు ఆ రోజే పంపండి. బిల్లు మీద కూడా "ఫలానా వస్తువు దెబ్బతింది" అని రాశాకే సంతకం పెట్టండి. సామాను ఇవ్వకుండా ఎక్కువ డబ్బు కోసం పట్టుబడితే 112. బిల్లు, బీమా తగాదాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఫ్రిజ్ నిలువుగా వచ్చినా గంటా రెండు గంటలు ఆగి స్విచ్ వేయండి. మెట్ల మీద పడుకోబెట్టి తెచ్చి ఉంటే కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా. కంప్రెసర్ నూనె కిందికి దిగడానికి ఆ సమయం కావాలి. వాషింగ్ మెషిన్ ట్రాన్సిట్ బోల్టులు తీశాకే నీళ్లు పెట్టండి. మరిచి తిప్పితే మెషిన్ నేల మీద గెంతుతూ పక్కకు జరుగుతుంది.